అవ్వ దూసిన చెట్టు

పోయిన వారం నేను మొక్కల కోసం పోలేదు. కరివేపాకు కుండీ పగిలిపోతే కొత్తది కొందామని హైవే పక్కనున్న నర్సరీ దగ్గర ఆటో ఆపించాను. అంతే. కుండీ బేరమాడుతుంటే ఆకుపచ్చ వల నీడలో ఒక మూల బొటనవేలంత కాండంతో, అంచులు సన్నగా కత్తిరించినట్టున్న ఆకులతో ఒక మొక్క కనబడింది. దాని మెడలో పేరు రాసిన అట్టముక్క వేలాడుతోంది. నాకు అది చదవాల్సిన పనిలేదు. ఆ ఆకును నేను కళ్ళు మూసుకుని తడిమినా గుర్తుపడతాను.

"ఇది క్రాబ్ ఆపిల్ కదమ్మా?" అన్నాను.

"అవునాంటీ! భలే కనిపెట్టినారే!" అంది నర్సరీ నడుపుతున్న అమ్మాయి. వ్యవసాయం డిగ్రీ చదివి, ఉద్యోగానికి పోకుండా ఈ వ్యాపారం పెట్టుకుందట.

"కనిపెట్టక ఏం? ఇది మనవైపు పూయదు. ఊరికే పెట్టి జనాన్ని ఎందుకు మోసం చేస్తావు?" అని కసిరాను. నా నోరు అలాంటిదే, వయసుతో పాటు ఇంకా పదునెక్కింది.

ఆ పిల్ల కోపం తెచ్చుకోలేదు. నవ్వుతూనే నాలుగు ముక్కలు చెప్పింది. అవి విన్నాక పక్కన బోర్లించి ఉన్న కుండీ మీద కూలబడ్డాను. ఆ పిల్ల కంగారుపడి నీళ్ళ సీసా తెచ్చి ఇచ్చింది. నీళ్ళు తాగాను, లేచాను, కుండీ కొనడం మరిచిపోయి ఇంటికొచ్చి పడ్డాను. ఆ పిల్ల చెప్పింది ఏమిటో చెప్పాలంటే ముందు మా అత్త చెట్టు సంగతి చెప్పాలి.

మా ఊరు వాకాడు దాటి సముద్రం వైపు పోతే వస్తుంది. ఇంటికి పడమట వరి చేలు, తూర్పున ఇసుక, సరుగుడు తోపులు, వాటి వెనక సముద్రం. పడమటి గాలి వీస్తే వడ్లు ఉడికే వాసన, తూర్పు గాలి వీస్తే ఎండుచేపల వాసన. ఆ రెండు వాసనల మధ్యే నేను పెరిగాను. ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఇల్లున్న చోట రొయ్యల గుంట తవ్వారు. నీళ్ళ మీద పంకాల లాంటి చక్రాలు రేయింబవళ్ళు తిరుగుతుంటాయి. వంటిల్లు ఎక్కడుండేదో, తులసికోట లేని మా వాకిట్లో అమ్మ ముగ్గు ఎక్కడ వేసేదో చూపించమంటే నేను చూపించలేను. మేం చర్చికి పోయేవాళ్ళమే గానీ, ముగ్గు విషయంలో అమ్మ ఎవరి మాటా వినేది కాదు.

ఇంట్లో మేం నలుగురం. నాన్న, అమ్మ, నాన్నను కన్న అవ్వ, నేను. అత్త అంటే నాన్న చెల్లెలు. ఆమె ఎక్కడో కొండమీది ఊళ్ళో, చూపులేని పిల్లల బడిలో పంతులమ్మ. పెళ్ళి మాటెత్తితే, "నాకు అరవైమంది పిల్లలుండారు, చాలు" అని నోరు మూయించేది. ఏడాదికోసారి వచ్చి, మలైకాజాలు తిని, నా తలలో పేలు దువ్వి, మళ్ళీ బస్సెక్కి పోయేది.

ఒక ఏడు అవ్వకు పచ్చకామెర్లు వచ్చాయి. మనిషి దక్కదనుకున్నారు. కబురందుకుని అత్త పరుగున వచ్చింది. ఒక చేతిలో పెట్టె, ఇంకో చేతిలో కిరసనాయిలు డబ్బా. డబ్బాలో మన్ను, మన్నులో జానెడు పుల్ల, పుల్లకు నాలుగు ఆకులు.

అవ్వ మంచం మీద పడుకునే కళ్ళు తెరిచి చూసింది. "ఏందిమే అది? నాకు హార్లిక్సు తెచ్చినావనుకుంటే పుల్ల తెచ్చినావే!"

"పుల్ల కాదుమా, చెట్టు. మా బడి పిల్లోళ్ళు ఇచ్చినారు. దీని పువ్వు ముట్టుకుంటే పసిపిల్ల చెవి మాదిరి ఉంటాది. వాళ్ళకు కండ్లు లేకపోయినా ఇది పూసిందని గాలికే తెలిసిపోతాది" అంది అత్త.

నాన్న డబ్బా చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. రైతు కదా, ఏ మొక్కను చూసినా ఆయన అడిగేది ఒక్కటే. "కాయ ఎంతుంటాది?"

"రేక్కాయంత."

"తియ్యగుంటాదా?"

"అబ్బే, నోట్లో పెట్టలేం. పులుపు, వగరు. పూలకోసం పెంచుతారన్నా దీన్ని."

"తినను పనికిరాని కాయ, జడలో పెట్టను పనికిరాని పువ్వు. ఇంక దేనికిమే ఇది?"

"చూసేదానికి."

నాన్న పైగుడ్డతో కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. సాయంత్రానికల్లా ఆ మాట ఊరంతా పాకింది. పేరులో క్రాబ్ ఉందని ఎవరో చెప్పేసరికి అది ఎండ్రకాయ చెట్టయిపోయింది. ఎండ్రకాయలు కాస్తాయా అని అడగడానికి నా ఈడు పిల్లలు తట్టల్తో సహా వచ్చారు. అత్త విసుక్కోలేదు. బావి పక్కన గొయ్యి తీసి, ఇసుకలో చెరువుమన్ను కలిపి నాటింది.

అవ్వ కోలుకుంది. అత్త పెట్టె సర్దింది. అప్పుడు మొదలైంది అసలు గొడవ. "అమ్మ ఒంట్లో ఇంకా నీరసం పోలా. నువ్వు పోబాకు" అన్నాడు నాన్న. నెల ఆగింది. మళ్ళీ సర్దింది. "ఈడనే ఊళ్ళో బడుండాది గదా, ఈ పిల్లోళ్ళు పిల్లోళ్ళు కాదా?" అన్నాడు. అవ్వ ఒక పక్కన కొంగు నోట్లో కుక్కుకుని కూర్చునేది. ఆమె ఏడుపు చప్పుడు లేకుండా ఉండేది, అందుకే అత్త దాన్ని తట్టుకోలేకపోయేది.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక పాస్టరు అయ్యగారు మా ఇంట్లో భోజనం చేస్తున్నారు. ముందురోజు కాచిన చేపల పులుసు, మామిడికాయ ముక్కలు వేసింది. మా వైపు చేపల పులుసు కాచిన రోజు తింటే తిన్నట్టు కాదు, మర్నాటికి దాని రుచి నిలబడుతుంది. అయ్యగారు మూడోసారి వడ్డించుకుంటుండగా అన్నాచెల్లెళ్ళకు మాటా మాటా పెరిగింది.

"నీ మొండితనం నీ చెట్టుకు గూడా వచ్చినట్టుండాది. ఆ పుల్ల మన ఇసకలో పూసిన్నాడు నేనే నీ పెట్టె మోసుకోనిపోయి బస్సెక్కిస్తా. అప్పటిదాకా ఈణ్ణే ఉండు. అయ్యగారు సాక్షి" అన్నాడు నాన్న.

అత్త ముఖం ఎర్రబడింది. "సరే అన్నా. పూసినాక ఒక్క దినం ఆపినా ఒప్పుకోను."

అయ్యగారికి గొంతులో ముల్లు అడ్డం పడినట్టయింది. అమ్మ తలకొట్టుకుంది. మాటతో ఆడుకునే ఇల్లు కాదు మాది. నాన్న ఒకసారి కోపంలో కల్లు మానేస్తానన్నాడని, పశ్చాత్తాపపడుతూనే చచ్చేదాకా ముట్టలేదు. అలాంటి ఇంట్లో అయ్యగారి ఎదుట అన్న మాట అంటే ఇంక తిరుగు లేదు. నాన్నకు తెలుసు, అది పూయదని. అత్తకు తెలియలేదు.

చెట్టు పెరిగింది. అదే మా అందరికీ వింత. మొదటి ఏడు నా నడుముదాకా, తరువాతి ఏటికి నాన్న భుజం దాకా వచ్చింది. బోలెడు ఆకు. పువ్వు మాత్రం లేదు. కొండమీద చెట్టు చలికాలం ఆకు రాల్చి నిద్రపోతుందట, లేచాక పూస్తుందట. మాకేమో చలికాలమంటే వానకాలం. కార్తీకం, మార్గశిరం వచ్చాయంటే తుపానులు, పొంగిన కాలువలు, ఎటు చూసినా పచ్చదనం. చెట్టు పాపం ఎప్పుడు నిద్రపోవాలో తెలియక ఏడాదంతా మేలుకునే ఉంది.

అత్త దానికి చలి పుట్టించాలనుకుంది. పడవలు ఆగే చోట ఐసు కొట్టం ఉండేది. ఊకలో పూడ్చిన ఐసు దిమ్మెలు, వాటిని మేకుతో పొడిచే చప్పుడు, ఆ కొట్టం లోపలి చల్లటి చేపకంపు, ఇవన్నీ నాకు స్వర్గం. అత్త, నేను గోనెసంచీలో ఐసు ముక్కలు మోసుకొచ్చి చెట్టు మొదట్లో పరిచేవాళ్ళం. మోసేది ఆమె, దారిలో ఊక తుడుచుకుని చప్పరించేది నేను. చేపల కోసం ఉప్పు చల్లిన ముక్కేదో తగిలిన రోజు నా మూతి చూసి అత్త నడిరోడ్డు మీద కూర్చుని నవ్వింది. ఆ నీచు వాసనకు ఊళ్ళో పిల్లులన్నీ మా బావి దగ్గరికి చేరి వేళ్ళు బయటపడేలా తవ్విపోశాయి. నాన్న వాకిట్లో నిలబడి, "రాకెట్టును పైకి పంపించే ఊరి పక్కన ఉండి ఒక చెట్టును పూయించలేకపోతివే!" అని ఎగతాళి చేశాడు. అత్త నవ్వింది. కానీ ఆ నవ్వు ఐసు రోడ్డు మీది నవ్వు కాదు.

ఎందుకంటే కొండమీది బడి నుంచి కబురొచ్చింది. ఇన్నాళ్ళూ ఆమె చోటును అట్టే పెట్టారు. వచ్చే జూనులో బడి తెరిచేనాటికి రాకపోతే ఇంకొకరిని పెట్టుకుంటారు. అత్త ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పి, చెయ్యి కడుక్కుని లేచిపోయింది. నాన్న పళ్ళెంలోకి చూస్తూ ఉండిపోయాడు. ఒక్క మాటతో ఆయన పందెం తీసేయొచ్చు. తీసేయలేదు. చెల్లెలు కళ్ళెదుట ఉండాలన్నదే ఆయన ఆశ, అందులో చెడు ఉందని ఆయనకు తోచలేదు.

అవ్వ మాత్రం ఆ రోజు నుంచి మారిపోయింది. అంతకుముందు చెట్టును పుల్ల అని వెక్కిరించేది, అంతే. ఇప్పుడు దానిమీద పగబట్టినట్టయింది. అత్త బకెట్టు తీస్తే చాలు, "నీళ్ళు పోయబాకు! బావి అడుగంటతా ఉంటే దానికి నీళ్ళేంది? మనుషులు తాగొద్దా?" అని అరిచేది. అబద్ధం. అప్పుడే తుపాను వెలిసి బావి చేతికందేంత నీళ్ళతో ఉంది. అత్త మా ఊరి బడిలో పాఠాలు చెప్పడానికి పోయాక నేను దొంగతనంగా చెంబెడు పోయబోతే నా చెవి మెలేసింది. చెట్టు ఆకులు వాడి వేలాడాయి. అత్త ఏమీ అనలేకపోయింది. ముసలామె, చావు దాకా పోయి వచ్చిన మనిషి, ఆమెతో నీళ్ళ కోసం ఎవరు కొట్లాడతారు?

అవ్వ ఇలా ఉండేది కాదని చెప్పాలి. ఆమె పుట్టిల్లు ఉప్పుటేరు అవతల ఇసుక దిబ్బల మీద, మల్లెతోట ఉన్న ఇల్లు. పూలు కట్టడానికి కూర్చుంటే ఆమె వేళ్ళు కనబడేవి కావు. తాత పోయాక పూలు పెట్టుకోవడం మానేసింది గానీ నా జడకు మాత్రం రోజూ మూర కట్టేది. దెబ్బ తగిలి నేను ఏడిస్తే తనే ముందు ఏడ్చేది. అలాంటి అవ్వ ఒక పచ్చని మొక్కను ఎండబెడుతోందంటే నాకు భయం వేసింది.

ఆ భయం సరిపోలేదు. ఒక ఆదివారం నాకు జ్వరంగా ఉందని చర్చికి తీసుకుపోలేదు. అవ్వ నాకు తోడుగా ఇంట్లో ఆగింది. పడుకుని పడుకుని విసుగొచ్చి బయటికి వచ్చాను. బావి దగ్గర అవ్వ ముక్కాలిపీట ఎక్కి ఉంది. ఒక చేత్తో కొమ్మ పట్టుకుని, ఇంకో చేత్తో ఆకు తెంపి కింద పడేస్తోంది. ఒక్కటొక్కటిగా. అప్పటికే సగం చెట్టు బోసిపోయింది. కింద రాలిన ఆకును మా మేక తీరిగ్గా నములుతోంది.

అలాంటి చోట పిల్లలు కేకపెడతారనుకుంటాం. నేను పెట్టలేదు, గడప పట్టుకుని కొయ్యలా నిలబడిపోయాను. అవ్వ తిరిగి చూసింది. ఆమె ముఖంలో తప్పు చేస్తూ పట్టుబడిన జంకు ఏ కొంచెం ఉన్నా నాకు అంత దడ పుట్టేది కాదేమో.

"అవ్వా! అత్త చెట్టు!" అన్నాను చివరికి.

"చెప్పుకో పో. మీ నాయనకు చెప్పుకో, మీ అత్తకు చెప్పుకో. నేనే చేసినానని చెప్పు" అని మళ్ళీ కొమ్మ వైపు తిరిగింది. చివరి ఆకు దాకా దిగలేదు.

చర్చి నుంచి అందరూ వచ్చారు. అమ్మ "ఓరి దేవుడా" అని బైబిలు సంచీ అరుగు మీద వదిలేసింది. నాన్న ముఖం నల్లబడింది. పందెం గెలిచినవాడి ముఖం కాదది. "ఇదేం పని అమా? నేను ఇట్టా గెలవాలని అడిగినానా? నీకేమన్నా మతి పోయిందా?"

"పోయింది. పుల్ల ఉంటే ఏంది, లేకుంటే ఏంది? నా కూతురు నా ఇంట్లో ఉంటే చాలు. అది పూసేది లేదు, ఇది పోయేది లేదు" అంది అవ్వ. ఆమె వేళ్ళు ఆకు పసరుకు నల్లబడి ఉన్నాయి. ఆ చేతులతోనే మాకు అన్నం వడ్డించబోతే నాన్న వద్దని లేచిపోయాడు.

అత్త ఏడవలేదు, అరవలేదు. గొడుగు గోడకు ఆనించి చెట్టు దగ్గరికి పోయింది. ఒక్కో కొమ్మను వంచి, చివర్లను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. వేళ్ళతో తడిమింది. చచ్చినవాళ్ళ ముఖాన్ని తడిమినట్టే అనిపించింది నాకు. తర్వాత లోపలికి పోయి తలుపేసుకుంది. ఆ రోజు నుంచి తల్లికీ కూతురికీ మాటల్లేవు.

ఒకే ఇంట్లో ఇద్దరు మాట్లాడుకోకపోతే మధ్యలో నలిగేది నాలాంటి వాళ్ళే. "పులుసులో ఉప్పు చాల్లేదని మీ అవ్వతో చెప్పు" అని అత్త, "ఉప్పు చట్టిలోనే ఉండాది, వేసుకోమను" అని అవ్వ. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చునే ఉండేవాళ్ళు. నేను అటూ ఇటూ తల తిప్పి అదే మాట మళ్ళీ చెప్పేదాన్ని. అది చాలదన్నట్టు అవ్వ ఇంకొక అఘాయిత్యం మొదలుపెట్టింది. చేపలు కడిగిన నీళ్ళు, రక్తం, పొలుసులతో సహా తెచ్చి ఆ బోసి చెట్టు మొదట్లో గుమ్మరించేది. అత్త కిటికీలోంచి చూస్తుండగానే. చచ్చినదాని మీద కుళ్ళునీళ్ళు పోయడం కన్నా అవమానం ఏముంటుంది? బోరింగు దగ్గర ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. "తల్లేనా అది? కన్నబిడ్డ ఉసురు పోసుకుంటా ఉండాది" అన్నారు. అవ్వ బిందె పెట్టుకుని వాళ్ళ మధ్యనే నిలబడి వింది. బిందె నిండాక చంకనెత్తుకుని ఇంటికొచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకు ఒక పొద్దున రాకెట్టు పంపిస్తున్నారన్నారు. ఎప్పటిలాగే అవ్వ తప్ప అందరం మిద్దె ఎక్కాం. దక్షిణాన శ్రీహరికోట వైపు నిప్పుకణం లేచింది, తెల్లటి పొగ సాగింది, ఆ తర్వాత కాసేపటికి చప్పుడొచ్చి కిటికీ రెక్కలు గడగడలాడాయి. చప్పుడుకు బెదిరిన మేక తాడు తెంపుకుంది. దాన్ని చూద్దామని నేను పిట్టగోడ మీంచి కిందికి వంగాను.

చెట్టు పూసి ఉంది.

ఆకు లేని కొమ్మల నిండా గులాబీ రంగు మొగ్గలు, వాటిలో విచ్చుకున్న తెల్ల పూలు. వారం రోజులుగా నేనటు పోలేదు. ఆ నీచు నీళ్ళ కంపుకు ఎవరూ అటు పోవడంలేదు, నీళ్ళు కూడా బోరింగు నుంచే తెస్తున్నాం, అత్త కిటికీ మూసే ఉంచుతోంది. నేను కేకపెట్టాను. ఈసారి కేక వచ్చింది. నాన్న రాకెట్టును వదిలేసి మెట్లు దిగాడు. అమ్మ దిగింది. చెట్టు ముందు నాన్న నోరు తెరుచుకుని నిలబడ్డాడు, ఒక పువ్వును ముట్టుకుని నిజమేనా అన్నట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దూసిన చెట్టు పూయడమేమిటి? నీళ్ళు లేక, ఆకు లేక, చావాల్సిన చెట్టు! అమ్మ దేవుని మహిమ అంది. అయ్యగారు వచ్చి చూసి, మోకరించి ప్రార్థన చేశారు. ఊరు ఊరంతా వచ్చింది. కీడు తలపెడితే దేవుడు మేలు చేశాడని, తల్లి పగబట్టినా దేవుడు బిడ్డ పక్షాన నిలిచాడని చెప్పుకున్నారు. అత్త ఒక పూల గుత్తిని చెంపకు ఆనించుకుని చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. అవ్వ వంటింట్లోంచి బయటికి రాలేదు.

నాన్న మాట తప్పలేదు. వేసవి చివర ఆయనే పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దాకా నడిచాడు. పోయే ముందు అత్త వంటింటి గడప దగ్గర ఆగింది. అవ్వ గోడ వైపు తిరిగి రొయ్యలు వలుస్తోంది.

"పోతండా" అంది అత్త.

"పో. నీ చెట్టు గెలిచింది గదా. నన్ను కాదని పోయే బిడ్డ నాకెందుకు? మళ్ళీ ఈ గడప తొక్కబాకు."

ఆ మాట బయట సాగనంపడానికి వచ్చిన ఆడవాళ్ళందరూ విన్నారు. అవ్వ గొంతు అంత గట్టిగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. అత్త వెనుదిరిగి నడిచింది. బస్సు మలుపు తిరిగేదాకా వెనక్కి చూడలేదు.

గడప తొక్కలేదా అంటే తొక్కింది. ఆ క్రిస్మస్‌కే వచ్చింది, ఆ తర్వాత ప్రతి క్రిస్మస్‌కూ వచ్చింది. అవ్వ వడ్డించేది, అత్త తినేది. చెట్టు ఊసు ఇద్దరూ ఎత్తేవాళ్ళు కాదు. అత్తది పెద్ద మనసు, క్షమించింది అనుకున్నాం. చెట్టు మళ్ళీ గుబురుగా ఆకు వేసింది. మళ్ళీ ఎన్నడూ పూయలేదు. అవ్వ పోయిన రోజున కూడా ఊళ్ళోవాళ్ళు ఆమె శవం దగ్గరే ఆ కథ చెప్పుకున్నారు. మంచిదే గానీ కూతురి విషయంలో కఠినురాలు అన్నారు. నేనూ తలూపాను.

ఇప్పుడు నర్సరీ పిల్ల చెప్పిన ముక్కలు.

"పూస్తాదాంటీ, ఎందుకు పూయదు? మనకు చలి లేదు గదా, అందుకని చెట్టుకు నిద్రపట్టదు. మనమే పండబెట్టాల. నీళ్ళు ఆపేసి ఎండగట్టాల. తర్వాత ఆకంతా చేత్తో దూసెయ్యాల. ఆకు మొదట్లో చిన్న కన్ను ఉంటాది చూడండి, మొగ్గ పుట్టేది అందులోంచే, అది మాత్రం తెగగూడదు. ఆనక ఏదన్నా బలమైంది, చేపల నీళ్ళయినా సరే, మొదట్లో పోస్తే నెల తిరిగేలోగా మొగ్గ తొడుగుతాది. మా మల్లెతోటలో ఏటా చేసేదే ఇది. మీకు తెలీదా?"

నాకు తెలీదు. మల్లెతోటలో పుట్టి పెరిగిన మా అవ్వకు తెలుసు.

నీళ్ళు ఆపింది. ఆకు దూసింది. చేపల నీళ్ళు పోసింది. మేం మూడు పాపాలుగా చెప్పుకున్నవి ఇవే. అత్త ఇంకా ఉంది, ఆ కొండమీదే, బడి ఆవరణలో ఒక గదిలో. చెవులు కొంచెం మందం. ఇంటికి రాగానే ఫోన్ చేసి, ఊపిరి తిప్పుకోకుండా అంతా చెప్పాను. చివర్లో అరిచాను కూడా. "అత్తా, అవ్వ ఆ చెట్టును చంపబోలేదు! పూయించింది! నిన్ను పంపించాలని తనే పూయించింది!"

ఆమెకు ఈ వయసులో ఇంత పెద్ద మాట ఫోన్లో చెప్పకుండా ఉండాల్సిందని నన్ను నేను తిట్టుకున్నాను.

"నీకు ఇప్పుడా తెలిసింది?" అంది అత్త.

నేను మంచం మీద కూర్చుండిపోయాను.

"నీకు తెలుసా? ఎప్పటినుంచి?"

"దూసిన పొద్దే. కొమ్మలన్నీ చూసినాను గదా. ఒక్క కన్ను తెగలా. చంపాలనుకున్నోళ్ళు అంత పదిలంగా దూస్తారా? అంత పెద్ద చెట్టుకు, ఆ కామెర్ల చేతుల్తో."

"మరి ఒక్క మాటైనా మాట్లాడలేదే! ఎన్ని నెలలు నన్ను మధ్యన పెట్టుకుని..."

"మాట్లాడుంటే ఏడ్చుందును. ఏడ్చుంటే పోలేకపోదును. అమ్మకూ తెలుసు ఆ సంగతి. నాకు తెలిసిపోయిందని గూడా తెలుసు. నేను చేత్తో కొమ్మలు వంచి చూస్తా ఉంటే వంటింట్లోంచి చూసింది." అత్త కాసేపు దగ్గింది. "అది నన్ను మంచిగా పంపించి ఉంటే ఊరు ఏమని ఉంటాది? చావు నుంచి బయటపడిన తల్లిని వదిలేసి పరాయి పిల్లోళ్ళ కోసం పోయిందని నన్ను అని ఉంటారు. అన్న తలెత్తుకోని ఉండడు. ఇప్పుడెవరూ నన్ను ఏమీ అనలా. తల్లి రాక్షసి, అందుకే పోయింది అన్నారు. ఆడోళ్ళందరూ ఉండేటప్పుడే అంత గట్టిగా గడప తొక్కబాకు అనింది, అందుకే."

"అవ్వను అందరూ అన్ని మాటలంటుంటే నువ్వెట్లా ఓర్చుకున్నావు అత్తా?"

"ఓర్చుకోక? అది అంత కష్టపడి దాచింది నేను బయట పెట్టేదా?"

"నాకైనా చెప్పి ఉండొచ్చు. నేను అవ్వ పక్కలో పడుకునేదాన్ని."

"నీకా?" అత్త నవ్వింది, ఐసు రోడ్డు మీద నవ్విన నవ్వే. "నీకు చెప్పుంటే ఆ సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయుండును. మా అవ్వ మంచిది, మా అవ్వ మంచిది అని ఇంటింటికీ పోయి చెప్పుకోనొచ్చుందువు."

నిజమే. చెప్పేదాన్ని. నా నోరు అప్పుడూ అంతే. బోరింగు దగ్గరి ఆడవాళ్ళతో గొడవ పెట్టుకుని మరీ చెప్పేదాన్ని. అవ్వ చేసిందంతా నీళ్ళపాలయ్యేది, అత్త మెట్టు కూడా దిగలేకపోయేది.

ఫోన్ పెట్టేశాక ఒకటి గుర్తొచ్చింది. అవ్వ నా జడకు పూలు కడుతూ, వెనక నుంచి ఒకసారి అడిగింది, అత్త పోయిన కొత్తల్లో. "నీకు గూడా నామీద కోపమేనామే?" అని. "కోపమే" అన్నాను. అవ్వ నా తల నిమిరి, "అట్నే ఉండు" అంది.